చెరువుకు తగిన బట్ట

మనిషి ఇల్లు కొనేది ఉండటానికి కాదు, కిటికీలోంచి చూడటానికి. ఈ సత్యాన్ని మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డ హోర్డింగులు ఏకగ్రీవంగా ఆమోదించి చాలా కాలమైంది. ఆ హోర్డింగుల్లో ఇల్లు చిన్నగా, చెరువు పెద్దగా ఉంటాయి. ఇంటి ముందు తెల్ల చొక్కా తొడుక్కున్న ఒకాయన కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతుంటాడు. (ఆయన ఏ ఉద్యోగం చేస్తాడో, పట్టపగలు ఇంటి దగ్గర అంత తీరికగా ఎలా ఉంటాడో ఏ బిల్డరూ చెప్పలేదు.)

మేమంతా నీలిసరోవర్ విల్లాస్‌లో ఇళ్లు కొన్నది ఆ చెరువును చూసే. పగలంతా గచ్చిబౌలిలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లం. పొద్దున లేచి కాసేపు నీళ్లను చూస్తే చాలనుకున్నాం. గృహప్రవేశం చేసుకుని కిటికీ తెరిస్తే అంతయ్య బర్రెల కొట్టం కనపడింది. కొట్టం, గడ్డివాము, పెంటకుప్ప, వాటి మధ్య నెమరేస్తున్న బర్రెలు. బిల్డరును అడిగితే, బ్రోచర్ అడుగున ‘చిత్రం ఊహాజనితం’ అని చిన్న అక్షరాల్లో ఉందనీ, ఊహించుకునే బాధ్యత కొన్నవారిదేననీ మర్యాదగా చెప్పాడు.

మా సంఘం అధ్యక్షుడు నిఖిల్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద మేనేజరు. ఎలాంటి కష్టాన్నైనా మీటింగుగా మార్చగల సమర్థుడు. ఆయన నాయకత్వంలో నలుగురం కలిసి అంతయ్య దగ్గరికి వెళ్లాం.

“పెద్దయ్యా, ఈ కొట్టం కొంచెం అవతలికి జరుపుకోవచ్చు కదా?” అన్నాడు నిఖిల్. “వాసన వస్తున్నది. చూడటానికి కూడా అదొక తీరుగా ఉన్నది.”

అంతయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. “యాడికి జరపాలె సారు? అటు గోదాముల గోడ, ఇటు మీ గోడ. కొట్టం మా నాయిన కట్టిండు. మీరే జర అటు దిక్కు మల్లి కూసోరాదుండ్రి.”

ఈలోపు ఆయన భార్య అంతమ్మ చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. “ముందుగాల సల్ల తాగుండ్రి బిడ్డా. వాసన సల్లకు రాదు” అంది. తాగాం. నిజంగానే రాలేదు. చర్చలు విఫలమయ్యాయని నమోదు చేసుకుని తిరిగి వచ్చాం.

తర్వాతి ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. చెరువు దగ్గరికి ఇళ్లను తీసుకుపోలేం కాబట్టి ఇళ్ల దగ్గరికే చెరువును తేవాలని తీర్మానించారు. బ్రోచర్‌లోని చెరువును నిలువెత్తు సైజులో ముద్రించి, కొట్టం వైపున్న తూర్పు గోడ పొడవునా ఇనుప స్తంభాలు పాతి కట్టాలి. ఫ్లెక్సీ పనికిరాదన్నారు (అది చెరువులా కాక, చెరువు పుట్టినరోజు శుభాకాంక్షల్లా ఉంటుందని అభ్యంతరం వచ్చింది). కనుక బట్ట మీదే ముద్రించాలి. ఏ బట్ట అన్నది తేల్చడానికి ‘దృశ్య పునరుద్ధరణ ఉపసంఘం’ ఏర్పడింది. అందులో నేనూ ఉన్నాను. ఇష్టమున్నవాళ్లు చేతులెత్తమన్నప్పుడు నేను టీ గ్లాసు ఎత్తాను.

మొయినాబాద్ దాటాక, మునుపు కోళ్ల ఫారంగా ఉన్న ఒక షెడ్డులో ఝాన్సీ డిజిటల్ టెక్స్‌టైల్ ప్రింటింగ్ నడుపుతోంది. ఆమె కూడా మాదాపూర్‌లో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని అక్కడే రాజీనామా మెయిల్ పంపిన మనిషి. పెళ్లిళ్లకు చీరల మీద, దుపట్టాల మీద అడిగిన బొమ్మ వేసి ఇస్తుంది. మేం వెళ్లినప్పుడు మిషన్ ఒక పెళ్లికూతురి చీర అంచు మీద చిన్న చిన్న నెమళ్లను కక్కుతోంది.

చెరువు సంగతి చెప్పాం. ఝాన్సీ నవ్వలేదు. వ్యాపారస్తురాలు.

“చెరువు యాడ ఉంటది సర్? ఎండలనా, నీడలనా? వాన తగుల్తదా?”

“పూర్తిగా బయటే,” అన్నాడు నిఖిల్. “ఏడాది పొడుగునా.”

“అయితె పాలిస్టర్ తీసుకోండ్రి. అండ్ల గూడ సన్న సన్న రంధ్రాలున్న జాలి బట్ట. గాలి దూరిపోతది, నీళ్లు కారిపోతయి. వేడితోని రంగు దారంలకే ఎక్కుతది గనుక జల్ది వెలవదు.”

“మరి కాటన్?”

“కాటన్‌కు రంగు వేరు, పని వేరు. బట్టను బట్టి రంగు సర్. అచ్చు పడ్డంక ఆవిరి పట్టాలె, ఉతకాలె. ఒంటి మీదికైతే దాన్ని మించింది లేదు. గోడకెందుకు? గోడకేమన్న చెమట పోస్తదా?”

అక్కడితో పని అయిపోయేది. కానీ మా నియమావళి ప్రకారం నిపుణుల సలహాను నేరుగా పాటించకూడదు, ముందు ఓటింగుకు పెట్టాలి. సంఘం యాప్‌లో పోల్ పెట్టారు. మూడో వరుస విల్లాలోని ప్రమీలమ్మగారు పాలిస్టర్ పేరు చూడగానే గ్రూపులో వాయిస్ మెసేజ్ వదిలారు. “ప్లాస్టిక్ చెరువు మాకొద్దు. నా మనవడు రోజూ చూసే నీళ్లు నేచురల్‌గా ఉండాలె.” ఆ మాటకు గుండె గుర్తులు వర్షించాయి. ఆర్గానిక్ కాటన్ భారీ మెజారిటీతో గెలిచింది. పాలిస్టర్‌కు పడిన కొద్ది ఓట్లలో ఒకటి నాది. వేలు జారిందని చెప్పుకున్నాను.

“మీ ఇష్టం సర్. కాటనే కొడ్త,” అంది ఝాన్సీ. “వానలు పడ్డంక మల్ల ఫోన్ చెయ్యుండ్రి.”

మే నెలలో చెరువు వచ్చింది. నిజం చెప్పాలంటే గొప్పగా ఉంది. హంసలు, సూర్యాస్తమయం, అవతలి ఒడ్డున మన దేశంలో పెరగని చెట్లు. జనం కుర్చీలు వేసుకుని దాని ముందు కూర్చున్నారు. కొందరికి చల్లగాలి కూడా వచ్చింది.

జూన్‌లో మొదటి వాన పడింది. కాటన్ గుణం పీల్చుకోవడం. అది తన ధర్మాన్ని అక్షరాలా పాటించి ఆకాశం ఇచ్చినదంతా తాగింది. బరువుకు స్తంభాలు వంగాయి. తెల్లారేసరికి చెరువంతా గోడ దాటి అంతయ్య కొట్టం మీద కూలబడింది. సంఘం రికార్డులో ‘చెరువు పొంగి పక్క పొలంలోకి ప్రవహించినది’ అని రాసుకున్నాం.

మరునాడు అంతమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి వచ్చేవారు ఎందుకు వచ్చారో యాప్‌లో సెక్యూరిటీ నమోదు చేయాలి. అందులో డెలివరీ, క్యాబ్, పనిమనిషి, అతిథి అని నాలుగే కారణాలున్నాయి. ‘చెరువు మీద పడింది’ అనే కారణం లేదు. సెక్యూరిటీ అతను ఆలోచించి ఆమెను డెలివరీ కింద రాశాడు. ‘మీ డెలివరీ గేటు వద్ద ఉన్నది’ అని, ఆమెకు తెలిసిన ఇల్లు మాదే కనుక, నా ఫోన్ మోగింది.

వెళ్లేసరికి ఆమె గేటు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది.

“బర్రె బెదిరింది బిడ్డా. తలుగు తెంపుకొని గులాబీ తోటలకు ఉరికింది. దొరకవట్టి తెచ్చుకున్నం గని, రెండు పూటల సంది చేపుతలేదు. పాలు పొయ్యకుంటె మాకెట్ల ఎల్తది? ఆ బట్టలేవో జర గట్టిగ కట్టుకోండ్రి.”

నాకు సిగ్గేసింది. క్షమించమన్నాను, పశువుల డాక్టరును పిలిపిస్తానన్నాను. “డాక్టరెందుకు? దానికి భయం పోవాలె గంతె,” అని లేచి వెళ్లిపోయింది. బర్రె నాలుగో రోజుకు చేపింది. ఆ విషయం కనుక్కున్నది మా ఆవిడే. మా ఇంట్లో టీకి పాలు అక్కడివే.

తడిసిన కాటన్ ఆరేలోపు బూజు పట్టింది. హంసలు పచ్చబడ్డాయి, నీళ్ల మీద నాచు లేచింది. మొదటిసారి అది అసలైన చెరువులా కనపడింది. కానీ బ్రోచర్‌తో సరిపోలడం లేదని తీసేశారు.

రెండో విడతలో ఉపసంఘం లోతుగా అధ్యయనం చేసి శాటిన్‌ను ఎంచుకుంది. నీళ్లన్నాక మెరవాలి, శాటిన్ మెరుస్తుంది అన్నది వాదన. ఝాన్సీ ఈసారి పెదవి విరిచింది. “పట్నం పెండ్లిలల్ల స్టేజీ ఎనుక కడ్తరు సర్ దాన్ని. ఎండ పడ్తె అద్దమైతది.” మేం విన్నట్టు సంతకం పెట్టి వచ్చాం. సాయంత్రమయ్యేసరికి పడమటి ఎండ దాని మీద పడి, తిరిగి మా కళ్లలోకి కొట్టింది. ఇంటింటా చెరువు కనపడకుండా దళసరి కర్టెన్లు వేసుకున్నాం.

ఇక మిగిలింది పాలిస్టర్ జాలి బట్ట. కానీ ఓటమి చెందిన బట్టను మళ్లీ ప్రవేశపెట్టడానికి నియమాలు ఒప్పుకోవు. నిఖిల్ ఆ ఒక్క రోజు తన జీతానికి న్యాయం చేశాడు. దాని పేరును ‘బ్రీతబుల్ పెర్ఫార్మెన్స్ ఫ్యాబ్రిక్’ అని మార్చి పెట్టాడు. ఏకగ్రీవంగా గెలిచింది. అందరికంటే ముందు ప్రమీలమ్మగారే ఓటేశారు.

“పేరేదైతేంది సర్,” అంది ఝాన్సీ, బట్టను మిషన్‌కు ఎక్కిస్తూ. “మిషన్‌కు పేరుతోని పని లేదు.”

ఆ బట్ట నిలబడింది. గాలి దాని గుండా పోయింది, వాన కారిపోయింది, రంగు చెక్కుచెదరలేదు. పైగా మేం అడగని సౌకర్యం ఒకటి దొరికింది. పొద్దున్నే ఎండ బట్ట వెనకనుంచి వస్తుంది. ఆ వెలుగులో అంతయ్య బర్రెలు లేచి నడుస్తుంటే వాటి నీడలు జాలిలోంచి కనపడేవి. హంసల మధ్య, నీళ్ల మీద, నల్లగా నింపాదిగా బర్రెలు కదిలేవి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఫీసుకు ఆలస్యమైనా సరే పెద్దవాళ్లు నిలబడి చూశారు. నేనూ చూశాను. ఇల్లు కొన్నందుకు ఆ ఒక్క వారం మనసు నిండింది.

అందరూ ఫొటోలు తీశారు. ‘మా ఇంటి చెరువు’ అని లోకమంతటికీ పంచారు.

కబ్జా అయిన చెరువుల ఆచూకీ తీయడానికి ప్రభుత్వంలో జలనేత్ర విభాగం అని ఒకటి ఉంది. దానికో యాప్ ఉంది. జనం పెట్టే ఫొటోలను చూసి, ఎక్కడ నీళ్లున్నాయో అదే గుర్తుపట్టి మ్యాపులో నీలిరంగు పూస్తుంది. మామూలు ఫొటోల మీద దానికి అనుమానాలుంటాయి. మా ఫొటోల్లో మాత్రం నీళ్లు, నీళ్లలో బర్రెలు ఉన్నాయి. యాప్ ఇంతకంటే నమ్మకమైన చెరువును ఎన్నడూ చూడలేదు. పది రోజుల్లో నోటీసు వచ్చింది. నీలిసరోవర్ విల్లాస్ మొత్తం చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్నదనీ, ఎందుకు కూల్చకూడదో చెప్పాలనీ.

ఆ వారం ఎవరూ చెరువు ముందు కుర్చీ వేసుకోలేదు. మా ఆవిడ క్యాలెండర్ తగిలించడానికి మేకు కొట్టబోతే, ఎన్నాళ్లుంటామో తెలియని గోడకు ఎందుకులే అన్నాను. ఇద్దరం ఆ మాటకు నవ్వాలని చూసి మానుకున్నాం. ఇరవై ఏళ్ల బ్యాంకు అప్పు కంతులు అలాగే ఉన్నాయి. బట్ట విప్పేద్దామని కొందరన్నారు. ఉన్న చెరువును నోటీసు అందాక మాయం చేస్తే అది ఇంకా పెద్ద నేరమని వకీలు చెప్పాడు. కాబట్టి అందరం రోజూ వెళ్లి ముడులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాం.

తనిఖీకి కుర్మయ్య అనే అధికారి వచ్చారు. నెమ్మదైన మనిషి. తూర్పు గోడ దగ్గర చెప్పులు విడిచి (అలవాటు కొద్దీ), చెరువును రెండు వేళ్లతో పట్టుకుని నలిపి చూశారు.

“పాలిస్టరా?” అన్నారు.

“బ్రీతబుల్ పెర్ఫార్మెన్స్ ఫ్యాబ్రిక్ సార్,” అన్నాడు నిఖిల్.

“బట్ట అని నాకు కనపడుతనే ఉన్నది. యాప్‌కు కనపడాలె కదా. దాంట్ల చెరువు ఎండింది, పూడింది, కబ్జా అయింది అని మూడే ఉన్నయి. బట్ట అని లేదు. లేదంటె, ఈడ చెరువు లేకుండె అని ఇక్కడ పుట్టి పెరిగిన పెద్దమనిషి ఎవరన్న వాంగ్మూలం ఇయ్యాలె.”

నిఖిల్ స్వయంగా వెళ్లి అంతయ్యను తీసుకొచ్చాడు. ఈసారి గేటు దగ్గర ఎవరూ కారణం అడగలేదు. క్లబ్‌హౌస్ వరండాలో మెత్తటి కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఫ్యాన్ ఆయన వైపు తిప్పారు. సంఘమంతా చుట్టూ నిలబడింది.

“పెద్దమనిషీ,” అన్నారు కుర్మయ్య, ఫోన్ రికార్డింగ్ పెట్టి. “గా తూర్పు గోడ కాడ ఎప్పుడన్న చెరువు ఉండెనా?”

“ఆడనా? లేకుండె సారు. అది ఒట్టి బట్ట. నా కొట్టం మీద పడ్డది గూడ.”

మేమంతా ఒక్కసారిగా ఊపిరి వదిలాం. ప్రమీలమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో అంతయ్య భుజం మీద చేయి వేశారు.

కుర్మయ్య ఫోన్‌లో ఫారం కిందికి జరిపి చూసుకున్నారు. “ఇంకొక్కటి అడగాలె, దీంట్ల తప్పనిసరి అని ఉన్నది. చుట్టుపక్కల యాడన్న?”

“ఎందుకు లేదు సారు?” అంతయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ముఖం వెలిగింది. “మనం కూసున్నదే కుంటల. ఈ బంగ్ల కాడ నడుమంత లోతు ఉండె. నేను ఈత నేర్సింది ఈడనే. మా బర్లు గూడ ఈడనే పండేటియి. మీ బిల్డరు రాత్రింబవళ్లు మొరం కొట్టి పూడ్చిండు.”

అంతయ్య భుజం మీద వేసిన చేయిని ఎవరో వెనక్కి తీసుకున్నారు.

యాప్‌లో చెరువును తీసేసే సౌకర్యం లేదు, జరిపే సౌకర్యం ఉంది. కుర్మయ్య నీలిరంగు మచ్చను వేలితో పట్టుకుని, తూర్పు గోడ నుంచి జాగ్రత్తగా లాగి, పిల్లల పార్కు దాటించి, మేం నిలబడ్డ చోట పెట్టారు. కొత్త నోటీసు వస్తుందని చెప్పి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

నిఖిల్ అంతయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. “ఇన్నాళ్లు ఒక్క మాటైనా అనలేదు. ఇవాళే ఎందుకు చెప్పినవ్ పెద్దయ్యా?”

“ఆయన అడిగిండు బిడ్డా,” అన్నాడు అంతయ్య. “మీరెవ్వలు అడగలే.”

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇకమీదట అంతయ్యను ఎవరూ ఏమీ అడగకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది.