మబ్బుల దొంగను పట్టిచ్చిన పెద్దమనిషి

పుకార్లు చెడ్డవని ఎవరన్నారు? దిక్కు లేకుండా తిరిగే పుకారు చెడ్డదేమో గానీ, ఒక పెద్దమనిషి చేతిలో పడి బుద్ధిగా పెరిగిన పుకారు ఊరికి రోడ్డు కంటే, కరెంటు కంటే మేలు! అట్లాంటి పెద్దమనిషి జయరాముడు గారు మా ఊరికి దొరకడం మా అదృష్టం. మీ ఊరికి ఇంకా దొరకలేదా? అయ్యో పాపం!

ఆయన రాకముందు మేమెంత వెనకబడి ఉన్నామో చెబుతాను.

కదిరి రోడ్డు మీద, బస్సు ఆగే చోట, బయమ్మ టీ హోటల్ ఉంది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది మా మగవాళ్లకు పొలంలో పని ఉండదు, హోటల్లో ఉంటుంది. ఏం పని? ఆకాశాన్ని చూడటం. మబ్బు వస్తుంది, మా నెత్తి మీదుగానే పోతుంది, ఎక్కడో కురుస్తుంది. మా మీద ఎందుకు కురవదు? ఎవరో దొంగిలిస్తున్నారు! అందులో ఎవరికీ అనుమానం లేదు. అనుమానమంతా ఆ దొంగ ఎవరన్నదే.

చంద్రుడి మీద మనుషులు కాలు పెట్టినప్పటి నుంచే వానలు చెడిపోయాయని బయ్యన్న అంటాడు. కాదు, బెంగుళూరు పోయే విమానం ఉప్పు చల్లి మబ్బును విరగ్గొడుతోందని పుల్లన్న అంటాడు. ఇద్దరినీ చూసి ఎర్రన్న నవ్వుతాడు. స్కైలాబ్ నెత్తిన పడబోతోందని ఊరంతా ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్నప్పుడు, తన కోళ్లను కాపాడుకుని తర్వాత ఊరికంతా గుడ్లు అమ్మిన మనిషి ఎర్రన్న. ఆయన నవ్వకపోతే ఎవరు నవ్వుతారు?

ఎవరి దొంగ వాళ్లకుండేవాడు. పొద్దు వాలేదాకా కొట్లాడుకుని, టీలు తాగి, ఇళ్లకు పోయేవాళ్లు. చూడండి ఎంత దండగో! అంత కోపం, అంత తెలివి, ఒక్క మనిషినైనా ఏడిపించకుండా గాలికి పోయేది!

అప్పుడు బస్సు దిగాడు జయరాముడు. తెల్ల చొక్కా, చంకలో గుడ్డసంచి. ఏదో సంఘం మనిషినన్నాడు. సంఘం పేరు పొడుగ్గా ఉంది. అందులో రైతులు ఉన్నారు, రక్షణ ఉంది. ఎవరి నుంచి రక్షణ అని ఎవరూ అడగలేదు. అడిగే లోపల ఆయన అందరికీ టీలు చెప్పేశాడు.

ఆయన గొప్పతనం ఏమిటంటే, వచ్చీరాగానే నోరు తెరవలేదు. విన్నాడు. చదువుకున్నవాళ్లు మా ఊరికి కొత్త కాదు. వ్యవసాయం ఆఫీసరు వచ్చాడు, బ్యాంకు మేనేజరు వచ్చాడు. పుల్లన్న ఉప్పు సంగతి ఎత్తగానే నవ్వుకుంటూ జీపు ఎక్కిపోయారు. జయరాముడు నవ్వలేదు. పుల్లన్న చెప్పేదంతా అయ్యేదాకా ఆగి, నీకు తెలిసినంత ఢిల్లీ వాళ్లకు కూడా తెలియదన్నా, తెలిసినా బయటికి చెప్పరు అన్నాడు. పుల్లన్నకు కళ్లు చెమ్మగిల్లాయి. సొంత పెళ్లాం కూడా ఆయన్ను అంత మాట అనలేదు!

తర్వాత దొంగలందరినీ ఒక్కటి చేశాడు. చంద్రుడూ నిజమే, విమానమూ నిజమే, అంతా ఒకటే ముఠా అన్నాడు. ఏళ్ల తరబడి కొట్లాడుకున్న బయ్యన్న, పుల్లన్న ఆ పూటతో అన్నదమ్ములైపోయారు. ఇది మేలు కాదా?

ఎర్రన్న మామూలుగా నవ్వాడు. జయరాముడు కోపం చేసుకోలేదు. నవ్వేవాళ్లకు, నవ్వినందుకు ఎవరో ఏదో ఇస్తుంటారని మెల్లగా అన్నాడు, అంతే. మరుసటి వారానికి బెంచీ మీద ఎర్రన్నకు చోటు లేకుండా పోయింది.

ఇక అసలైన మేలు వినండి. ఒక పొద్దు విమానం పోతుంటే పుల్లన్న పిడికిలి ఎత్తి తిట్టాడు. జయరాముడు ఆయన చెయ్యి పట్టుకుని దింపాడు.

"విమానం రాయికి అందదు కదన్నా. దానికి కిందినుంచి గుర్తు చూపించేవాడు ఒకడుండాల. వాడు అందుతాడు."

"గుర్తంటే ఏంది?" అన్నాడు బయ్యన్న.

"పొగ."

ఎంత తేలిక! ఇన్నేళ్లూ మేము మెడలు నొప్పి పుట్టేలా పైకి చూశాం. దొంగ కిందనే ఉన్నాడు!

మా ఊర్లో పొగ అంటే దాసప్పదే. పావగడ వైపు నుంచి భార్య హనుమక్కతో వచ్చి, ఎండిన కుంటలో మట్టి తీసి, ఇటుకలు కోసి, బట్టీ పెట్టి కాల్చుకుంటున్నాడు. ఊర్లో సగం గోడలు ఆయన ఇటుకలవే. వాన వస్తే ఎవరికి నష్టం అని జయరాముడు అడిగాడు. పచ్చి ఇటుకలు కరిగిపోతాయి కాబట్టి దాసప్పకు! ఇంకేం సాక్ష్యం కావాలి?

మా వైపు ఒక పద్ధతి ఉంది. కరువు ముదిరితే దాన్ని ఊరు దాటిస్తాం. బంకమట్టితో కరువు బొమ్మ చేసి, ఆడవాళ్లు చీపుర్లతో, పాత చేటలతో కొట్టుకుంటూ పొలిమేర దాకా ఈడ్చి, వెనక్కి చూడకుండా వస్తారు. ఆ దినం ఊర్లో ఎక్కడా నిప్పు ఉండకూడదు. పొయ్యి వెలిగించరు, బీడీ కూడా ముట్టించరు. అది ఏ దినమన్నది పెద్దవాళ్లు కూర్చుని చెప్పేవాళ్లు. ఈ తూరి జయరాముడు చెప్పాడు. ఎప్పుడు చెప్పాడు? దాసప్ప బట్టీకి నిప్పు పెట్టాక చెప్పాడు!

బట్టీ అంటే పొయ్యి కాదు, కావాలన్నప్పుడు ఆర్పుకోవడానికి. లోపలి ఇటుక ఎర్రబడేదాకా మండాల్సిందే. మధ్యలో ఆరిందా, అది మళ్లీ మట్టీ కాదు, ఇటుకా కాదు. మొగుడూ పెళ్లాల ఏడాది కష్టం అందులో ఉంది.

దాసప్ప హోటల్‌కు వచ్చాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నాలుగు దినాలు ఆగండన్నా. బట్టీ ఆరినంక నేనే వచ్చి బొమ్మ ఈడుస్తా."

బయ్యన్న తన గ్లాసులోకే చూస్తూ మాట్లాడాడు. బయ్యన్న ఇల్లు కట్టింది దాసప్ప ఇటుకలతోనే. "కరువు నీకోసరం ఆగుతాదా దాసప్పా?"

"ఇన్నేండ్లూ ఈడనే ఆగింది కదన్నా."

నవ్వాల్సిన మాట. పక్కన నిలబడ్డ ఎర్రన్న కూడా నవ్వలేదు. జయరాముడు మాత్రం తల ఊపాడు.

"చూసినారా, ఎంత బాగా మాట్లాడతాండాడో. ఉత్త ఇటుకలోడికి ఇంత మాట యాడనుంచి వస్తాది?"

దాసప్ప ఇంకేం మాట్లాడినా అది ఆయన మీదికే వస్తుందని తెలిసిపోయింది. వెళ్లి బట్టీ ముందర కూర్చున్నాడు.

ఇప్పుడు మీకు మా ఊరి శౌర్యం చెప్పాలి. మాకు తాగే నీళ్లు పక్క ఊరి బోరు నుంచి ఎడ్లబండ్ల మీద డ్రమ్ముల్లో వస్తాయి. బిందె కోసం జుట్లు పట్టుకునే ఊరు మాది. అట్లాంటి ఊరు, ఆ దినం, తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ బండ్ల మీదే బట్టీ దగ్గరికి తోలింది! ఒక నిప్పును ఆర్పడానికి! ఏ ఊరు చేస్తుంది ఇంత త్యాగం?

హనుమక్క అడ్డం నిలబడి బిందెలు పట్టుకున్న ఆడవాళ్లను ఒక్క మాట అడిగింది.

"రేపు మీ బిడ్డలు ఏం తాగుతారమ్మా?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ దేశం పని మీద ఉన్నవాళ్లను అడగాల్సింది కాదు. బిందెలు వంచారు. ఎర్రగా కాలుతున్న ఇటుకలు టపటపా పగిలాయి. తెల్లటి ఆవిరి ఆకాశానికి లేచింది. పుల్లన్న దాన్ని చూసి, మబ్బు, మబ్బు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా నీళ్లతో మేమే ఒక మబ్బు చేశాం! ఏ సైంటిస్టు చేయగలిగాడు? ఆ సంతోషంలో, పొద్దున చేసిపెట్టిన కరువు బొమ్మను ఈడ్చడం ఎవరికీ గుర్తు రాలేదు. అది హోటల్ ముందరే కూర్చుని ఉంది, మా మనిషి మాదిరి.

దాసప్ప, హనుమక్క సామాను కట్టుకుని వెళ్లిపోయారు. మబ్బు మాత్రం కురవలేదు.

చేతకానివాడైతే ఇక్కడ తప్పించుకు పోయేవాడు. జయరాముడు అట్లాంటివాడా? మనిషి పోయాడు గానీ ఆయన ఇటుకలు పోయాయా అన్నాడు. నిజమే కదా! మర్నాడు ఎర్రన్న గడ్డపార తీసుకుని తన ఇంటి ముందరి గోడను తానే పడగొట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే పని జరగడమే కదా చైతన్యం అంటే? ఇప్పుడు ఆయనకు బెంచీ మీద మళ్లీ చోటు దొరికింది. నవ్వు మాత్రం మానుకున్నాడు. ఆరోగ్యానికి మంచిదేమో!

మా ఇంటి వసారా దాసప్ప ఇటుకలదే. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. మొన్న జయరాముడు టీ ఊదుకుంటూ నన్ను చూసి అందరితో ఇట్లా అన్నాడు.

"ఈ పెద్దాయన ఔననడు, కాదనడు. అట్లాంటోళ్ల మీద ఒక కన్ను పెట్టుకోవాల."

బెంచీ మీద తలలన్నీ నా వైపు తిరిగాయి. చిన్నప్పటి నుంచి తెలిసిన తలలు.

అందుకని ఇంటికొచ్చి, జీవితంలో మొదటిసారి, పత్రికకు రాయడానికి కూర్చున్నాను. ఆయన్ను మొదట్లోనే ఎంతగా పొగిడానో మీరు చూశారు. గారు అని కూడా రాశాను! ఆయనకు ఒక అలవాటుంది. ఏ కాగితమైనా పై నాలుగు వాక్యాలు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంటాడు. హోటల్లో అందరికీ వినిపించేదీ అంతే. వినేవాళ్లు కూడా మిగతాది అడగరు.

కాబట్టి ఇక్కడిదాకా వచ్చింది మీరూ నేనే. గొంతు తగ్గించాల్సిన పని లేదు. దాసప్ప ఏ మబ్బునూ తోలలేదు. ఆయన కాల్చింది ఇటుకలు. వచ్చింది పొగ.

ఆయన ఇప్పుడు మీ ఊరి పక్కనే ఎక్కడో మట్టి తొక్కుతూ ఉండొచ్చు. ఈ పత్రిక మీ హోటల్‌కు వస్తే, ఆ తెల్ల చొక్కా బస్సు దిగకముందే, నలుగురినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి.

పైనుంచి కాదు. ఇక్కడి నుంచి.