కోతల ఈశ్వరప్ప సంగటి పాఠం

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళకు కొదవ లేదు. కోతలు కోసేవాళ్ళకూ లేదు. రెండు పనులూ ఒకేసారి చేసేది మాత్రం ఈశ్వరప్ప ఒక్కడే. అందుకే వీధి మొత్తానికీ ఆయన కోతల ఈశ్వరప్ప.

మగ్గంలో కూర్చున్నాడంటే కాళ్ళు మగ్గం కింది గుంతలో, చూపు చీరలో, గొంతు వంటింట్లో ఉంటాయి. "ఏమ్మే, నీళ్ళు!" "ఏమ్మే, విసనకర్ర!" చెంబు మోచేతికి తగులుతున్నా సరే, కేక వేయాల్సిందే. భార్య రామాంజినమ్మ దారం కండెలు చుట్టడం ఆపి వచ్చి అందించాల్సిందే.

అలాంటి మనిషి ఒక ఆదివారం చేనేత సంఘం రేకుల షెడ్డు ముందు నిలబడ్డాడు. లోపల కాలేజీ సుజాత మేడం వీధిలోని పడుచుపిల్లలకు పాఠం చెబుతోంది. ఇంటిపని ఆడవాళ్ళదని ఎవరు తీర్మానం చేశారు? అలవాటైనదాన్నే ధర్మం అనుకుంటున్నామా? స్త్రీవాదమంటే మగవాళ్ళతో కుస్తీ కాదు, పనీ మర్యాదా ఇద్దరూ పంచుకోవడం. ఇట్లా సాగుతోంది.

"ఈ వీధిలో వంట చేసే మగాయన ఒక్కరైనా ఉంటే చెప్పండి. వచ్చే ఆదివారం మనమంతా పోయి చూద్దాం. శాలువా కప్పుదాం" అంది మేడం.

శాలువా అన్న మాటకు ఈశ్వరప్ప ప్రాణం లేచొచ్చింది. పోయినేడు సంఘంవాళ్ళు ఎదురింటి నాగప్పకు శాలువా కప్పారు. నాగప్ప ఎండాకాలంలో కూడా అది కప్పుకునే పాలకు పోతాడు. చూసినప్పుడల్లా ఈశ్వరప్ప మొహం పక్కకు తిప్పుకుంటాడు.

"యాడికో పోయేదేల మేడమ్? మా ఇంట్లో రాగిసంగటి కెలికేది నేనే. మగ్గంలో కూసునేది మా ఆడమనిషి."

వెనకే నిలబడ్డ నాగప్ప నోట్లోని బీడీ కింద పడింది. ఈయన్ను వంకల నాగప్ప అంటారు, దేవుడి ప్రసాదంలో కూడా ఉప్పు చూస్తాడని. "నువ్వా! ముద్ద పగలగొట్టి చారు పోస్తే గానీ తినవు కదప్పా! నేనూ వస్తా. అబద్దమైతే బజార్లో నిన్ను తలెత్తుకోనియ్యను."

ఈశ్వరప్ప పరుగున ఇంటికొచ్చి సంగతంతా పెళ్ళానికి చెప్పాడు.

"ఏమ్మే, ఆదివారం నువ్వు మగ్గంలో కూసో. నేను పొయ్యి కాడ నిలబడతా."

"నిలబడి?"

"నిలబడేదే. సంగటి నువ్వు ముందే చేసి పెట్టు."

"నాగప్పన్న మూతలన్నీ ఎత్తి చూస్తాడు."

"మగ్గం గుంతలో చూస్తాడా? కుండ ఆడ దాస్తాం. జనం అట్ల తిరిగినప్పుడు తెచ్చి పొయ్యి మీద పెడతా."

"శాలువా ఎవురికి?"

"నాకే."

"సరే కానీ."

అంత సులువుగా సరేనని రామాంజినమ్మ పెళ్ళికి కూడా అనలేదు. ఈశ్వరప్ప అనుమానపడి ఉండాల్సింది.

ఆదివారం ఇల్లు నిండిపోయింది. నాగప్ప నేరుగా వంటింట్లోకి పోయి ఉప్పుజాడీతో సహా అన్ని మూతలూ ఎత్తి చూశాడు. రామాంజినమ్మ మగ్గంలో టకటకా నేస్తోంది. ఈశ్వరప్ప తలకు తువ్వాలు చుట్టి, పొయ్యి మీద ఎసరు పెట్టి, పిల్లలంతా చీర అంచు చూస్తుండగా మెల్లగా మగ్గం దగ్గరికి జరిగాడు.

"ఏమ్మే, లెయ్యి. కుండ!" అన్నాడు గుసగుసగా.

"లేస్తే పోగు తెగుతాది. ఈ కుండకు గుంతంతా వెచ్చగా ఉండాది. నా మోకాళ్ళ నొప్పి యాడికి పోయిందో!" అంది ఆమె కూడా గుసగుసగానే. తర్వాత గొంతు పెంచింది. "ఏమయ్యా, నీళ్ళు!"

చెంబు ఆమె మోచేతికి తగులుతూనే ఉంది. అయినా అందరూ చూస్తున్నారు. ఈశ్వరప్ప తీసి అందించాడు.

"ఏమయ్యా, విసనకర్ర!"

అదీ అందించాడు.

"అత్తా, మామ రోజూ ఇట్లే చేస్తాడా?" అని అడిగింది మల్లీశ్వరి, ఆ పిల్లల్లో గడుసుది.

"పిలిస్తే చాలమ్మా, పరిగెత్తుకుంటా వస్తాడు."

"ఎసరు మరుగుతాంది ఈశ్వరప్పా, పిండెప్పుడు పోస్తావు?" నాగప్ప అరిచాడు.

ఇక తప్పలేదు. ఎసట్లో ముందు బియ్యం వేసి ఉడికించాలన్నది గుర్తే లేదు. రాగిపిండి మొత్తం ఒక్కసారే కుమ్మరించి తెడ్డు పెట్టాడు. కెలికేటప్పుడు కుండను దించి కాళ్ళమధ్య ఇరికించి పట్టుకోవాలని, పుట్టినప్పటి నుంచి సంగటి తింటున్నా ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. తెడ్డు తిప్పితే కుండ తిరిగింది. కుండ వెంట ఈశ్వరప్ప కూడా తిరిగాడు. మీసాలు రాగిరంగుకు వచ్చాయి.

"చూడండి, ఎంత కష్టపడుతున్నారో!" మేడం మనసు కరిగిపోయి శాలువా తెచ్చి భుజాన కప్పింది. సరిగ్గా అప్పుడే కుండ పొయ్యి మీంచి ఒరిగింది.

"మసిగుడ్డ! మసిగుడ్డ!" అని పిల్లలు అరిచారు.

మసిగుడ్డ ఎక్కడుంటుందో ఆ మగాయనకు తెలిస్తే కదా. చేతికి దొరికింది శాలువా. దాంతోనే కుండను వాటేసుకున్నాడు.

కుండ నిలిచింది. శాలువా జరీ అంచు నిలవలేదు.

నాగప్ప ఆ కుండలోంచి ఒక ముద్ద తీసుకుని కొరికాడు. లోపలి గడ్డ పగిలి పొడిపిండి పొగలా లేచింది. "రోజూ... చేసే... చెయ్యేనా... ఇది?" దగ్గుమధ్య అడిగాడు.

ఈశ్వరప్ప పెళ్ళాం వైపు చూశాడు. రేపటి నుంచి బజార్లో తలెత్తడమా, దించడమా అన్నది ఆమె నోట్లో ఉంది.

రామాంజినమ్మ తీరిగ్గా లేచింది. గుంతలోంచి కుండ బయటికి తీసింది.

"పిల్లోళ్ళు ఆకలితో పోతారని నేనొక కుండ చేసి పెట్టినా. ఈయప్ప ఇంకా నేర్చుకుంటాండాడు మేడమ్. ప్రతి ఆదివారం మీ కాలేజీ మగపిల్లోళ్ళను కూడా పంపండి, కలిసి నేర్చుకుంటారు. చెప్పేది నేను చెప్తా, మగ్గంలో కూసునే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈశ్వరప్ప కూడా కొట్టాడు, వేరే దారి లేక.

తరువాతి ఆదివారం కుర్రాళ్ళ వెనక నాగప్ప తలవంచుకుని వచ్చాడు. భుజాన పోయినేడు తనకు కప్పిన శాలువా ఉంది.

"ఏమప్పా, వంటకు కూడా కప్పుకోని వచ్చినావే?" అన్నాడు ఈశ్వరప్ప.

"కప్పుకునేకి కాదు. మా ఆడమనిషి హనుమంతమ్మ పంపింది. మసిగుడ్డ ఎవురిది వాళ్ళే తెచ్చుకోవల్లంట కదా."

"ఏమయ్యా, నీళ్ళు!" మగ్గంలోంచి కేక వినబడింది.

ఇద్దరూ లేచారు.