పళ్లు లేని ఆవు, నిజాయితీ వేలం

మా ఊళ్లో మోసం రద్దయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి క్వెకా మాస్టారు ప్రకటించారు. ఆయన ఒకప్పుడు బడుల మీద తనిఖీ అధికారి. ఇప్పుడు తనిఖీ చెయ్యడానికి బడి లేదు కాబట్టి మమ్మల్ని చేస్తున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకపై కొండవాలు మీద కొనడం, అమ్మడం అంతా ఫోన్లోనే. గుంపు పేరు నిజాయితీ వేలం. అమ్మేవాడు నిజం చెప్పాలి. కొనేవాడు జాగ్రత్తగా ఉండాలి. ఇద్దరూ మర్యాదగా ఉండాలి."

మూడింట్లో మాకు బాగా వచ్చింది మర్యాద. మిగతా రెండూ దానికి అడ్డం రాకుండా చూసుకున్నాం.

వేలం మాకు కొత్త కాదు. ప్రతి ఆదివారం చర్చి ముందు అరటిగెలలూ కోళ్లూ పాడతాం. పాట గెలిచినవాడు డబ్బు కట్టి, కోడిని మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు. దాన్ని మళ్లీ పాడతారు. పొద్దున్న వచ్చిన కోడి మధ్యాహ్నానికి ఊరందరి సొత్తయి, ఎవరింటికీ వెళ్లకుండా పాస్టరు గారి కూరలో పడుతుంది. ఇచ్చేసినవాడు దాత. చంకన పెట్టుకుపోయినవాణ్ణి ఏమంటామో రాయను.

ఈ మంచి అలవాటు ఫోన్లోకి కూడా వచ్చింది. మొదట బాగుపడ్డది ఎలియరింగా.

ఎలియరింగా ఒక ఆవును అమ్మకానికి పెట్టాడు. ఫోటోలో ఆవు నిగనిగలాడుతోంది. వంటనూనె రాశాడు. పక్కన దూడ ఉంది. దూడ ఆ ఆవుదేనని అతను అనలేదు, నిజాయితీపరుడు. కింద ఇలా రాశాడు: "శాంత స్వభావం. మేత తక్కువ. పాలు పితికే శ్రమ అసలుండదు."

అన్నీ నిజాలే. లేపితే గాని లేవదు కాబట్టి శాంతం. ఆవుకి పై వరసలో ముందు పళ్లుండవని పిల్లలకీ తెలుసు. దీనికి కింది వరసా లేదు కాబట్టి మేత తక్కువ. పాల సంగతి చెప్పక్కర్లేదు.

బస్సుల యజమాని ఉరాసా పాడి గెలిచాడు. డబ్బు ఫోన్లో పంపాడు. తోలుకుపోదామని వెళ్లి, కొట్టంలో చీకటికి కళ్లు అలవాటు పడ్డాక, ఆవు నోట్లోకి చూశాడు. మోసపోయానంటే ఊళ్లో బతకలేడు. ఇంటికొచ్చి గుంపులో పెట్టాడు: "ఈ ఉత్తమ గోవును ఊరి అభివృద్ధి కోసం తిరిగి ఇచ్చేస్తున్నాను." అందరం చప్పట్లు పెట్టాం. ఎలియరింగా ఆవును మళ్లీ పెట్టాడు. ఊరి అభివృద్ధి అతని ఇంటి నుంచి మొదలైంది. రేకులు మార్చాడు.

తర్వాత చర్చి పాటబృందం నాయకురాలు కొంది. ఆమె కూడా దాత అయింది. తర్వాత ఇంకో దాత. ఆవు కాలు కదపలేదు. ధర మాత్రం దాని బదులు నడిచింది. అంతమంది పెద్దలు కొన్న ఆవు చవకగా ఎలా ఉంటుంది?

బస్సులు ఆగే చోట అనాయెలికి టీ కొట్టుంది. మొగుడు పోయాడు. వానలకి ముందు ఆవు కూడా పోయింది. పాలు కొని టీ అమ్మితే చేతికి గ్లాసులు కడిగిన నీళ్లే మిగులుతున్నాయి. కాఫీ గింజలమ్మిన డబ్బు, మేకనమ్మిన డబ్బు గుడ్డలో కట్టి పెట్టుకుంది. ఆవు వస్తే కొట్టుంటుంది. రాకపోతే కొట్టు మూసి ఎవరింట్లోనో బట్టలుతకాలి. అంతే సంగతి.

జాగ్రత్త గల మనిషి. ముందు ఉరాసాని అడిగింది.

"ఆవు ఎట్లా ఉంది అన్నా?"

"దానికేం చెల్లీ! ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదనుకో."

పాటబృందం నాయకురాల్ని అడిగింది. "దాని మొహం చూస్తే కన్నీళ్లొచ్చాయి వదినా" అందామె. ఇదొక్కటి నిజం.

ఎలియరింగాకి ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చి చూస్తానన్నా."

"ఫోటోలో చూశావుగా చెల్లీ. అందులో కనపడంది కొట్టంలో ఏం కనపడుద్ది? అక్కడ చీకటి. పెద్దపెద్దోళ్లే చూడకుండా కొన్నారు. నువ్వు చూస్తానంటే వాళ్లకెంత చిన్నతనం, చెప్పు?"

ఆమె పాడింది. ఎలియరింగా బావమరిది పోటీగా పాడాడు. ఎలియరింగా భార్య తన తల్లి పేరుతో పాడింది. ఆ తల్లి పోయి చాలా కాలమైంది. అయినా ఉత్సాహంగా పాడింది. గుడ్డలో ముడి ఖాళీ అయ్యేదాకా ధరను తీసుకెళ్లి అక్కడ వదిలారు.

అనాయెలి డబ్బు కట్టి, తాడు తీసుకుని కొండెక్కింది. ఎలియరింగా తాడు వంక చూశాడు.

"ఇదెందుకు?"

"ఆవుకి."

"తోలుకుపోతావా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇప్పటిదాకా ఎవరూ అంత పని చెయ్యలేదే!"

ఆమె కొట్టంలోకెళ్లి నోరు తెరిచి చూసింది. పొదుగు పట్టుకు చూసింది. బయటికొచ్చింది.

"నా డబ్బులు నాకు తిరిగియ్యన్నా."

"అట్లా అడక్కూడదమ్మా. ఇచ్చేస్తున్నానని గుంపులో పెట్టు. ఊరంతా మెచ్చుకుంటుంది."

"మెప్పుని గ్లాసులో పోసి అమ్మనా?"

ఇద్దరు మనుషుల్ని పట్టి ఆవును లేపించింది. కిందికి తోలుకొచ్చింది. కొన్నదాన్ని ఇంటికి తీసుకుపోయే మనిషిని చూడ్డానికి అరటితోటల్లోంచి జనం బయటికొచ్చారు. పిల్లల్ని లోపలికి పంపారు.

ఆ సాయంత్రం గుంపులో ఇది కనపడింది: "ఆవు. ముసలిది. పళ్లు లేవు. పాలు లేవు. కూర్చుంటే ఇద్దరు లేపాలి. కొనే ముందు వచ్చి నోరు తెరిచి చూసుకోండి. అనాయెలి."

గుంపు గుడ్లు తేలేసింది. ఇలాంటిది మేమెన్నడూ చదవలేదు.

"సొంత ఆవు గురించి ఇంత చెడ్డగా రాసేవాళ్లుంటారా?" అన్నాడు ఉరాసా. "ఇందులో ఏదో ఉంది."

"ధర పడగొట్టి తమ్ముడి చేత కొనిపిస్తుంది. నాకు తెలీదా!" అంది పాటబృందం నాయకురాలు.

ఇద్దరూ ఆ నోట్లోకి చూసినవాళ్లే. కానీ అప్పుడు చీకటి కదా. కళ్లు పొరబడొచ్చు. ఫోన్లో రాసింది పొరబడదు, అంటే ఎవరూ నిజం రాయరని అర్థం. పళ్లు లేవని రాసిందంటే ఉన్నాయన్నమాట. పాట మొదలైంది. చూడ్డానికి ఎవరూ వెళ్లలేదు. వెళితే ఆశ ఉందని పక్కవాడికి తెలిసిపోతుంది.

ఎలియరింగాకి అన్నం సయించలేదు. ఆ ఆవును పెంచింది తను. పితికి పితికి ఎండగట్టింది తను. అయినా ఊరంతా పాడుతుంటే మనసు ఆగదు కదా, తను చూడనిదేదో ఆ ఆడమనిషి చూసిందనిపించింది. అందరికంటే ఎక్కువ పాడి గెలిచాడు. డబ్బు పంపాడు. మర్నాడు వచ్చి నోరు తెరిచి చూశాడు. పళ్లు లేవు.

అప్పుడు ఫిర్యాదు చేశాడు. నిజాయితీ వేలంలో అదే మొదటి ఫిర్యాదు.

చర్చి వసారాలో కూర్చున్నాం. అరటికల్లున్న సొరకాయ బుర్ర చేతులు మారుతోంది. క్వెకా మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! అమ్మకం అనేది నమ్మకం. మన మెంబర్లు ఇన్నాళ్లూ వర్ణనలు చదివి, అందులోంచి తీసెయ్యాల్సింది తీసేసి, మిగిలిందాన్ని బట్టి ధర కడుతున్నారు. ఇది క్రమశిక్షణ. ఈమె తీసెయ్యడానికేమీ లేకుండా రాసింది. కొనేవాడు ఏం చెయ్యాలి? ఇది మెంబర్లను తప్పుదోవ పట్టించుటయే!"

"నేను రాసిందాంట్లో అబద్ధమేదో చెప్పండి మాస్టారూ" అంది అనాయెలి.

"అదేనమ్మా నీ నేరం."

"నా డబ్బు నాకిప్పించండి" అన్నాడు ఎలియరింగా.

"ఆ డబ్బుతో పొద్దున్నే కొండ కింద బోమా ఊరి సంతకెళ్లి వేరే ఆవును కొన్నానన్నా. పశువులమ్మే మాసాయి ముసలాయన, నేను కొనే ముందు తనే దాని నోరు తెరిచి చూపించాడు. నీకు బాధగా ఉంటే ఇచ్చేస్తున్నానని గుంపులో పెట్టు. ఊరు మెచ్చుకుంటుంది."

ఉరాసా నవ్వబోయి దగ్గాడు. ఎలియరింగా ఆ ఆవును చర్చికి దానం చేశాడు. పాస్టరు గారు దాన్ని చూసి, కూరకి కూడా పనికిరాదని, మర్యాదగా, మనసులోనే అనుకున్నారు.

తీర్పు ఇది: అనాయెలిని గుంపు నుంచి తొలగించడమైనది. కొనుగోలుదారులకు హెచ్చరిక: బస్సులు ఆగే చోట ఒక స్త్రీ అడిగినదానికి అడిగినట్టు జవాబు చెబుతోంది. మెంబర్లు జాగ్రత్తగా ఉండవలెను.

మేం జాగ్రత్తగానే ఉన్నాం. మర్నాడు పొద్దున్న చలికి వణుక్కుంటూ ఆమె కొట్టు ముందు నిలబడి, పాలల్లో నీళ్లు కలుపుతావా అని అడిగాం.

"కలుపుతా. సగానికి సగం. అందుకే ఆ ధర."

తప్పుకుని ఎదురుగా స్వాయి టీ కొట్లోకి వెళ్లాం. అతని పాలల్లో చుక్క నీళ్లుండవట, దేవుడి మీద ఒట్టేశాడు. ధర రెట్టింపు. గ్లాసు అడుగు కనపడుతోంది. బాగుందన్నాం.

దారిన పోయే బస్సుల వాళ్లు మాత్రం ఆమె దగ్గరే తాగుతున్నారు. రోజూ రెండో బిందె కూడా ఖాళీ అవుతోంది. పాపం, వాళ్లు పై ఊళ్లవాళ్లు. మర్యాద తెలీదు.

మీ ఊళ్లో టీ ఎలా ఉంటుందో నాకు తెలీదు. అడిగితే ఏమంటారో తెలుసు.