నాలుగు వేళ్ళ వదులు

పద్దెనిమిదేళ్ళు నిండిన కార్లు స్టీరింగు మాట మానేసి ఇంట్లోవాళ్ళ మనసులో మాట వినడం మొదలుపెడతాయన్నది అందరికీ తెలిసిందే కాబట్టి, భద్రిరాజు గారి తెల్ల కారు భీమవరం కాలవ గట్టు మీద అటూ ఇటూ తూగుతుంటే వీధిలో ఎవరూ కంగారు పడలేదు. ఇంటిల్లిపాదీ ఒకే చోటికి వెళ్ళాలనుకుంటే అలాంటి కారు గీత గీసినట్టు పోతుంది. ఒక్కరికే ఉండి మిగతావాళ్ళకి లేని కోరిక ఏదైనా ఉంటే స్టీరింగు వదులవుతుంది. పాత కారున్న ఇళ్ళలో ఇది జలుబు లాంటిది, వస్తూ ఉంటుంది.

ఆయన కారుది మాత్రం బాగా ముదిరిన జలుబు. నాలుగు వేళ్ళంత తిప్పితే గానీ చక్రాలు కదలవు. తిన్నగా పోనిస్తుంటే అదే మెల్లగా గట్టు అంచుకి జరుగుతుంది. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి పోయి పోయి కాలవలో పడితే ఏం బాగుంటుంది? పైగా శుక్రవారం సాయంత్రం అయిదు లోపల దిశానిర్ధారణ కార్యాలయం సర్టిఫికెట్ ఇవ్వకపోతే కారుని తుక్కు కింద కొట్టేస్తారు. ఆయనకి ఆ కారంటే ప్రాణం.

మెకానిక్ బాజీ ముందు టైర్లలో గాలి చూశాడు. కారుని పైకెత్తి చక్రాలు పట్టుకుని ఊపాడు, కింద రాడ్లూ జాయింట్లూ లాగి చూశాడు, అలైన్‌మెంట్ పెట్టాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు చేతులు తుడుచుకుని, ఇలాంటి కేసుల్లో అందరూ చేసే పనే తనూ చేశాడు. ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే కారులో కూర్చోబెట్టి స్టీరింగు తిప్పాడు. ఎవరి కోరికకి ఇంట్లో ఒప్పుదల లేదో వాళ్ళు కూర్చున్నప్పుడే వదులు బయటపడుతుంది.

భద్రిరాజు గారు కూర్చుంటే బిగుతుగా ఉంది. కూతురు లిఖిత కూర్చున్నా బిగుతే. ఆ పిల్ల విజయవాడ కోచింగ్ కోసం వారం రోజులు అన్నం మానేసి అందరినీ ఒప్పించేసింది మరి. ఆఖరున భార్య హైమావతి కూర్చుంది. స్టీరింగు మజ్జిగలో కవ్వంలా గిర్రున తిరిగింది.

"దొరికిందండి. వదులు అమ్మగారి దగ్గరుందండి," అన్నాడు బాజీ.

"నా దగ్గరేముంది బాబూ?"

"ఎక్కడికో వెళ్ళాలనుందండి మీకు."

"నాకా! ఆయనెక్కడికంటే అక్కడికే."

"ఆయ్, అమ్మగార్లందరూ అదే అంటారండి," అని బాజీ బానెట్ మూసేశాడు. మిగతాది ఆఫీసువాళ్ళ పని.

ఆ ఇంట్లో ఫారాలు నింపేది భద్రిరాజు గారే. రేషన్ కార్డయినా ఓటరు కార్డయినా అందరి తరఫునా ఆయనే, ముత్యాల్లాంటి అక్షరాలతో. శుక్రవారం మధ్యాహ్నం దిశాపత్రం కూడా ఇంటి దగ్గరే నింపి ఆఫీసుకి తెచ్చారు. 'భార్య వెళ్ళదలచిన చోటు' అన్న గడిలో అలవాటు కొద్దీ 'భర్తతో పాటు' అని రాశారు. గుమాస్తా ప్రసూన గారు దాన్ని చూసి, ఎవరి గడిలో వాళ్ళ చేతిరాతే ఉండాలని చెప్పి, కొత్త కాగితం హైమావతి ముందు పెట్టింది. పాపం, ఆవిడ సంతకం తప్ప ఫారం మీద ఇంకేమీ రాసి ఎరగదు.

చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత గబగబా రాసేసింది. 'నరసాపురం. వారానికి ఒక రోజు. లేసు అల్లకం నేర్పడానికి.' నిజం చెప్పొద్దూ, ఆవిడకి భలే సంతోషమేసింది. పెళ్ళికి ముందు రోజుకో కొత్త అల్లిక కనిపెట్టిన మనిషి ఆవిడ. మొన్న నరసాపురం నుంచి పాత స్నేహితురాలు, ఆడపిల్లలకి నేర్పాలి, వస్తావా అని ఫోన్ చేసింది. రెండు రాత్రుళ్ళు ఆవిడకి నిద్రపట్టలేదు.

"ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు భద్రిరాజు గారు.

"చెప్పానండి, లేసు నేర్పుతానని, పెళ్ళయిన కొత్తలో. తర్వాత చూద్దాం అన్నారు."

ఆయనకి నిజంగానే గుర్తులేదు. చెడ్డ మనిషేం కాదు. వెంటనే పెన్ను లాక్కుని తన గడిలోనూ నరసాపురం అని రాశారు. లిఖిత కూడా రాసింది. ముగ్గురూ ఎక్కి ఆఫీసు ఆవరణలో ఒక చుట్టు కొట్టారు. నాలుగు వేళ్ళ వదులు అలాగే ఉంది. కారు కాగితాలు చదవదు కదా.

ఇంకోసారి ప్రయత్నించారు. భద్రిరాజు గారు కళ్ళు గట్టిగా మూసుకుని నరసాపురం వెళ్ళాలని కోరుకోబోతే, ఆ రోజు మధ్యాహ్నం తనకి అన్నం ఎవరు వడ్డిస్తారన్నది అడ్డొచ్చింది. లిఖితకి, విజయవాడ వెళ్ళేలోపు రాయాల్సిన పరీక్షల రోజుల్లో అమ్మ ఇంట్లో లేకపోతే ఎలా అన్నది అడ్డొచ్చింది. అరగంట పాటు మనస్ఫూర్తిగా కష్టపడ్డారు, చెమటలు పట్టాయి, కోరిక మాత్రం పుట్టలేదు. నాలుగున్నర అయింది.

ప్రసూన గారు సొరుగులోంచి పసుపు కాగితం తీసింది. అది కోరిక ఉపసంహరణ పత్రం.

"ఏం నొప్పి ఉండదమ్మా. నేనూ ఒకసారి సంతకం పెట్టాను," అంది.

"మీరు దేనికి పెట్టారు?" అని అడిగింది హైమావతి.

ప్రసూన గారు కాసేపు ఆలోచించింది. "గుర్తులేదమ్మా. అదే దీంట్లో సుఖం."

భద్రిరాజు గారు గోడ గడియారం వైపు ఒకసారి, కిటికీలోంచి కారు వైపు ఒకసారి చూశారు. "బలవంతమేం లేదు హైమా. నీ ఇష్టం," అన్నారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. లిఖిత కూడా, "అవునమ్మా, నీ ఇష్టం," అని తల్లి భుజం మీద చెయ్యి వేసింది. హైమావతికి ఏడుపొచ్చింది. సంతకం పెట్టేసింది.

కారు లేకపోతే బస్సు లేదా అని మీరు అడగొచ్చు. భీమవరం నుంచి నరసాపురానికి బోలెడు బస్సులున్నాయి. కానీ ఉపసంహరణ వర్తించేది మనిషికి, బండికి కాదు. వెనక పేజీలో అంతా స్పష్టంగా రాసే ఉంటుంది.

అయిదుకి అయిదు నిమిషాలుండగా పరీక్ష మళ్ళీ జరిగింది. స్టీరింగు కొత్త కారుదానిలా నిలబడింది. సర్టిఫికెట్‌లో 'లోపం తొలగింపబడినది' అని ముద్ర వేసి, అయిదేళ్ళ గడువు ఇచ్చారు. తిరుగు దారిలో నరసాపురం మలుపు వచ్చింది. కారు వెంట్రుకవాసి కూడా చలించలేదు. హైమావతి బోర్డు మీది పేరు చదివి, సాయంత్రం కూరకి ఏముందా అని ఆలోచించింది.

"చూశావా, ఎంత సాఫీగా పోతోందో!" అన్నారు భద్రిరాజు గారు.

"బాగుందండి," అంది ఆవిడ. నిజంగానే బాగుంది.

గట్టు మీద ఎదురుగా పాత కార్లు చాలానే వస్తున్నాయి. ఒక్కటీ తూలడం లేదు, అన్నీ గీత గీసినట్టు వస్తున్నాయి. ఒక్కో కారులో ఎడమ పక్క సీట్లో ఒక్కో ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుని ఉంది.