పద్నాలుగో అంశం

సోమవారం ఉదయం కాఫీ చల్లారేలోపు తాజా గారు ఒక చిలిపి పని చేయాలని నిశ్చయించుకున్నారు. యాభై రెండేళ్ల వయసులో, అదీ ఆఫీసులో, ఆయనకు అదే మొదటి చిలిపి పని.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడులకు నిధులు పంపే కార్యాలయంలో ఆయన సీనియర్ గుమాస్తా. ప్రతి సోమవారం 'తాజా సమాచారం' అనే నాలుగు పేజీలు తయారుచేసి అరవై రెండు బడులకు మెయిల్లో పంపడం ఆయన పని. ఏ గ్రాంటు విడుదలైంది, ఏ ఫారం మారింది, ఏ గడువు ఎప్పుడు ముగుస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. పదకొండేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకుని కామాలు సరిచూసిన మనిషి ఆయన. అయినా ఈ పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, బాగుందనో బాగాలేదనో, ఆయనకు ఒక ముక్క రాసిన పాపాన పోలేదు.

పోయిన శుక్రవారం డైరెక్టరమ్మ పిలిచి కుండ బద్దలు కొట్టినట్లు చెప్పేశారు. "దీన్ని ఎవరైనా చదువుతున్నారాండీ? చదువుతుంటే వచ్చే శుక్రవారానికల్లా నాకు చూపించండి. లేదంటే ఆపేద్దాం. మిమ్మల్ని కింద రికార్డు గదిలో వేస్తాను."

రికార్డు గది అంటే తాజా గారికి భయం లేదు. తాను రాసేది ఆగిపోతుందన్నదే బెంగ. దాని పక్కనే ఒక కుతూహలం కూడా ఆయన్ని తొలిచేస్తోంది. నిజంగానే ఎవరూ చదవడం లేదా?

"నువ్వు చదువుతావుటోయ్?" అని భార్యను అడిగారు. ఆవిడ కూడా ఒక బడిలో గుమాస్తాయే.

"ప్రతి వారం ప్రింటు తీసి ఫైల్లో పెడతానండీ," అంది ఆవిడ, ప్రశ్నకు తగిలీ తగలకుండా.

ఆ రోజు ఆఫీసులో, ఆడిట్ తేదీలు చెప్పే పదమూడో అంశానికీ, కొత్త రసీదు పుస్తకాల గురించిన పదిహేనో అంశానికీ మధ్య ఆయన ఒకటి ఇరికించారు: "14. ప్రతి పాఠశాలా తన తలుపులు మొత్తం ఎన్ని, వాటిలో లోపలికి తెరుచుకునేవి ఎన్ని, బయటికి తెరుచుకునేవి ఎన్ని అన్న వివరం గురువారంలోగా పంపవలెను." చదివినవాడెవడైనా ఇదేం పిచ్చి అని ఫోన్ చేయక మానడని ఆయన లెక్క. చదివి అనుమతించాల్సిన సూపరింటెండెంటు చదవకుండానే అనుమతించారు. ఆ విధంగా మొదటి పాఠకుడు మొదట్లోనే రాలిపోయాడు.

మంగళవారం ఫోను ఉలకలేదు, పలకలేదు. పనిచేస్తోందో లేదోనని తాజా గారు రెండుసార్లు ఎత్తి చూసుకున్నారు.

బుధవారం పది గంటలకు మోగింది. "సార్, మా సైన్సు గది తలుపు రెండు వైపులా ఊగుతుంది. ఏ లెక్కలో వేయమంటారు?"

తాజా గారికి ఏనుగెక్కినంత సంబరమైంది. "ఎటు ఎక్కువ ఊగితే అటు వేయండి," అన్నారు గంభీరంగా.

ఆ వెంటనే ఇంకో బడి. "అల్మారా తలుపులు కూడా లెక్కపెట్టాలా సార్?" ఆ వెంటనే మరొకటి. "మా ఐదో తరగతికి తలుపు లేదండీ, ఉత్త గుమ్మమే. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తెరిచున్నది ఎటు తెరుచుకున్నట్టు?" ఈ ప్రశ్న ఆయనకు ఎంత నచ్చిందంటే, జవాబు ఆలోచిస్తూ మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయారు.

మూడింటికి ఒక హెడ్మాస్టరు ఫోన్ చేశారు. "సార్, మా తలుపులన్నీ బయటికి తిప్పించేశాం. దయచేసి గ్రాంటులో కోత పెట్టకండి."

"కోతేమిటండీ?"

"లోపలికి తెరుచుకునే ప్రతి తలుపుకీ కోతట కదా!"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు సార్."

అరగంటకు ఒక హెడ్మిస్ట్రెస్ ఫోన్. బయటికి తెరుచుకునేవాటికే కోత అని ఆవిడ విన్నది. అన్నీ లోపలికి తిప్పించేసింది. మరో బడిలో స్టాఫ్ రూము తలుపూ, దానికి ఎదురుగా ఉన్న వరండా తలుపూ రెండూ తిప్పించారట. అవి ఒకదానికొకటి అడ్డుపడి, లెక్కల మాస్టారు ఒక పీరియడంతా మధ్యలో ఇరుక్కుపోయారు. పిల్లలు మాత్రం చాలా సంతోషంగా ఉన్నారని ఆ బడి గుమాస్తా ప్రత్యేకంగా చెప్పాడు.

తాజా గారు చెమట తుడుచుకుని, అన్ని బడులకూ సవరణ పంపారు: పద్నాలుగో అంశాన్ని పట్టించుకోనవసరం లేదు. ఫోన్లు ఆగలేదు. తలుపుల వివరాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతూనే ఉన్నాయి. గురువారం ఉదయానికి సూపరింటెండెంటు కూడా కంగారుపడిపోయి, "బడులన్నీ తిప్పించుకుంటుంటే మనం వెనకపడితే బాగుంటుందా?" అని ఆఫీసు తలుపులు కూడా తిప్పించమని ఉత్తర్వు వేశారు.

అప్పుడు తాజా గారి బుర్రలో ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. పద్నాలుగో అంశాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్లు సవరణను ఎందుకు చదవలేదు? ఆయన బడి తరువాత బడికి ఫోన్ చేశారు. అందరినీ ఒకటే అడిగారు, "మీకీ సంగతి ఎలా తెలిసింది?"

ఎవరూ చదవలేదు. అందరూ విన్నారు. పెద్ద గ్రౌండు బడికి రైల్వే గేటు బడి చెప్పింది. రైల్వే గేటు బడికి మార్కెట్ వెనక బడి చెప్పింది. మార్కెట్ వెనక బడి గుమాస్తా కాస్త నవ్వి, "మాకు చెప్పింది మీ ఆవిడగారి బడేగా సార్!" అన్నాడు.

తాజా గారి ఒళ్లు ఝల్లుమంది. ఇంత ఊళ్లో తన అక్షరం చదివే మనిషి తన ఇంట్లోనే ఉందా? సెలవు చీటీ రాసిచ్చి, గంట ముందే ఇంటికి పరుగెత్తారు.

"నువ్వేనటగా మొదట చదివింది!" అన్నారు చెప్పులు విప్పకుండానే.

"ఏది?"

"పద్నాలుగో అంశం!"

"నాకా తీరిక ఎక్కడ ఏడ్చిందండీ? ఫైళ్ల బీరువా తలుపు ఊడిపోతే సోమవారం వడ్రంగిని పిలిచాం. నేను అవతల ఫీజుల రిజిస్టరు చూసుకుంటుంటే, అతను ఫైలు తీసుకుని కూర్చుని మొత్తం చదివేశాడు. 'అమ్మగారూ, తలుపుల లెక్క అడిగారు, చూశారా?' అన్నాడు. ఆఫీసువాళ్లు ఊరికే అడుగుతారా, ఏదో కోత ఉండే ఉంటుందన్నారు మా హెడ్మాస్టరు. అక్కణ్ణుంచి పాకింది."

తాజా గారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడకు జాలేసింది. "అయినా అంత ముఖ్యమైన సంగతిని పద్నాలుగో నంబరులో దాచేస్తే ఎలాగండీ?" అంది.

శుక్రవారం ఆయన డైరెక్టరమ్మ గదికి వెళ్లారు. ఆవిడ తల ఎత్తకుండానే, "తలుపు వేసి రండి," అన్నారు.

"తలుపు లేదు మేడమ్."

నిజంగానే లేదు. బడిలో బీరువా బాగుచేసిన ఆ వడ్రంగే దాన్ని ఊడదీసి వరండా గోడకు ఆనించి, బందులు మారుస్తున్నాడు. అతని వెనక పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒక డజను మంది నిలబడి ఉన్నారు.

"మిమ్మల్ని అపార్థం చేసుకున్నానండీ," అన్నారు డైరెక్టరమ్మ, బల్ల మీది కట్ట చూపిస్తూ. "అరవై రెండు బడులకు అరవై రెండూ జవాబిచ్చాయి! అంటే అందరూ చదువుతున్నారన్నమాట. అంతేనా?"

అవునంటే చాలు. తాజా సమాచారం బతికిపోతుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పదకొండేళ్లుగా ఒక్క తప్పుడు అంకె పంపని మనిషి నోటికి అది పలకడం చేతకాలేదు.

"ఒక్కరే చదివారు మేడమ్. ఆయన కూడా బడి మనిషి కాదు. అదిగో, ఆ వడ్రంగి," అని మొదలుపెట్టి, తన చిలిపి పనితో సహా అంతా చెప్పేశారు. వరండాలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

డైరెక్టరమ్మ జవాబుల కట్టను పక్కకు నెట్టారు. తరువాత గుమ్మం వైపు తిరిగి, "మీరెందుకు చదివారు?" అన్నారు.

"ఎదురుగా కనపడిందండీ, ఊరికే చూశాను," అన్నాడు వడ్రంగి సుత్తి కింద పెట్టి. "మరమ్మతుల డబ్బు ఈ నెలాఖరులోగా అడగకపోతే వెనక్కి పోతుందని నాలుగో అంశంలో ఉంది. అయ్యో, తరవాత ఏమవుతుందోనని చివరిదాకా చదివాను."

"ఆ డబ్బు ఎన్ని బడులు అడిగాయండీ?" అని డైరెక్టరమ్మ తాజా గారిని అడిగారు.

"ఒక్కటీ లేదు మేడమ్."

"మనం రాస్తే ఒక్కరూ కదల్లేదు. ఈయన ఒక్క మాట అంటే అరవై రెండు బడులు కదిలాయి. ఎలాగూ తలుపులన్నీ మళ్లీ మామూలుగా తిప్పాలి కాబట్టి, ప్రతి బడికీ ఈయన్నే పంపండి. పనిలో పనిగా నాలుగో అంశం కూడా చెప్పొస్తారు. మీరు రాయడం ఆపకండి. పంపే జాబితాలో మాత్రం ఈయన పేరు చేర్చండి."

నెలాఖరుకు అరవై రెండు బడులూ మరమ్మతుల డబ్బు అడిగాయి. మరుసటి వారం తాజా గారి పేరు మీద ఆఫీసుకు ఒక కవరు వచ్చింది. లోపల చెక్క రుద్దే గరుకు కాగితం వెనక, వడ్రంగి పెన్సిలుతో నాలుగు వరుసలు: "అయ్యా, ఆరో అంశంలో మీరిచ్చిన గడువు ఆదివారం పడింది. ఆ రోజు మీ ఆఫీసు ఉండదు కదా. ఒకసారి చూసుకోండి. మిగతాదంతా బాగుంది."

తాజా గారు వరండాలో నిలబడి దాన్ని నాలుగుసార్లు చదువుకున్నారు. కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాస కూడా లేకపోయింది.

తరువాతి సోమవారం ఆయన కావాలనే రెండు తప్పులు వదిలారు.