ముక్కులేని నాలుగో చిలక

విదేశీ వ్యాపారాన్ని తిట్టేవాళ్లకు కళ్లు పోతాయి! నేనైతే రోజూ దానికి దండం పెట్టుకుంటాను. పెనుకొండలో మా ఇంటి దోమల బ్యాటు, నా ఇయర్‌ఫోన్లు, చివరికి దేవుడి గూట్లో మినుకుమినుకుమనే సీరియల్ లైట్లు కూడా ఓడెక్కి వచ్చినవే. సముద్రం మొహం చూడని నాకోసం అవి సముద్రాలు దాటి వచ్చాయంటే, ఇంతకన్నా మర్యాద ఇంకేం కావాలి?

నమ్మరా? అయితే ధర్మవరం పుల్లన్న సంగతి వినండి.

పుల్లన్న ముప్పై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. కిందటేడు ఒక చీర అంచుకి ఐదేసి చిలకల వరస పెట్టాడు. మగ్గానికి కట్టే డిజైన్ అట్టల్లోని చిల్లుల్ని బట్టే బొమ్మ పడుతుంది; ఆ అట్టలు చేసేవాళ్లు ఒకచోట చిల్లు కొట్టడం మరిచిపోయారు. అంతే, ప్రతి వరసలోనూ నాలుగో చిలకకు ముక్కు రాలేదు! సగం నేశాక చూసుకుని పాపం తల పట్టుకున్నాడు. హిందూపురం షాపు చంద్రశేఖర్ సణుక్కుంటూనే ఆ చీర తీసుకున్నాడు.

దాని ఫోటో ఏ ఫోన్లోంచి ఏ దేశం పోయిందో గానీ, ఆరు నెలలకల్లా వేల మిషన్ చీరలై తిరిగొచ్చింది. ఆహా, ఆ మిషన్ల నిజాయితీ ఏమని చెప్పను! ఒక్క చీరలోనూ నాలుగో చిలకకు ముక్కు లేదు.

పుల్లన్న భార్య కుళ్ళాయమ్మ కూడా ఒకటి కట్టుకుని ఎదురొచ్చింది.

"యాడిదే ఇది?"

"హిందూపురంలో కొన్యా. మన చిలకలే. నువ్వు నేసేటివి ఒక్కనాడన్నా నా ఒంటిమీదికి వచ్చినాయా?"

తన తప్పు ఊరూరా పెళ్లిళ్లలో తిరుగుతోందని పుల్లన్న సిగ్గుతో చచ్చిపోయాడు. వెంటనే అట్టకి చిల్లు కొట్టించాడు. ఇరవై రోజులు కూర్చుని, ఐదు చిలకలకీ ఐదు ముక్కులతో కొత్త చీర నేసి హిందూపురం బస్సెక్కాడు.

చంద్రశేఖర్ అంచు తిప్పి చూసి చీర వెనక్కి తోశాడు.

"ఏమప్పా పుల్లన్నా, డూప్లికేట్ మాల్ తెచ్చినావే! ఒరిజినల్లో నాలుగో చిలకకి ముక్కుండదు. కస్టమర్లు ముందు అదే చూస్తాండారు."

"అది నా చిలకే సామీ!"

"అట్లని యాడన్నా రాసుండాదా?"

చూశారా, అంతర్జాతీయ ప్రమాణాలంటే ఇవీ! పుల్లన్న ఇంటికొచ్చి ఆ చిల్లు మీద కాగితం అంటించాడు. తర్వాతి చీరని చంద్రశేఖర్ కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

ముప్పై ఏళ్ల నేతలో పుల్లన్న తెలిసి చేసిన తప్పు అదొక్కటే.