తాళం వేసి పోయారు

ఆ రోజుకి కొడుకు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి లేవాలి, స్నానం చెయ్యాలి, చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, పది గంటలకల్లా ఫర్నిచర్ వర్క్‌షాపులో ఉండాలి. జైల్లో అతను నేర్చిన వడ్రంగం చూసి ముచ్చటపడి, అక్కడి అధికారి ఒకాయన మాటసాయం చేసి ఇప్పించిన పని. వర్క్‌షాపు యజమాని పెట్టిన షరతు ఒక్కటే: "మొదటిరోజు నిమిషం ఆలస్యమైనా గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపో." నాలుగేళ్ళు గంట కొడితే లేచి గంట కొడితే పడుకున్నవాడికి వేళ పాటించడం ఒక లెక్కా? ఏడు కాకముందే లేచి, మంచం పక్కన నిటారుగా నిలబడి, లెక్కపెట్టేవాళ్ళెవరూ రాకపోయేసరికి తనలో తనే నవ్వుకుని దుప్పటి మడతపెట్టాడు.

అసలు చిక్కంతా తండ్రితోనే. కొడుకు ఇంటికొచ్చి మూడు రోజులైంది. మూడు రోజులూ ఆ పెద్దాయన రేడియోతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. "అన్నం బల్ల మీద ఉంది, తినేవాళ్ళు తినొచ్చు" అని రేడియోకి చెప్పేవాడు. "నీళ్ళు కాగాయి" అని కూడా రేడియోకే చెప్పేవాడు. రేడియో స్నానం చెయ్యదు కాబట్టి కొడుకు వెళ్ళి చేసేవాడు.

ఆయన తాళాల మేస్త్రి. నలభై ఏళ్ళు బజారులో కొట్టు నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక దాన్ని ఇంకొకరికి అప్పగించి ఇంటిపట్టున ఉన్నాడు. ఆ కొట్లో ఒక నియమం ఉండేది. తాళంచెవి పోగొట్టుకుని ఎవరొచ్చినా, వాళ్ళను ఆ తాళం ముందు నిలబెట్టి "ఎవరిది?" అని అడిగేవాడు. వాళ్ళు నోరారా "నాదే, తియ్యి" అనాలి. అంటే తప్ప చెయ్యి వేసేవాడు కాదు. కొడుక్కి పనితనంతో పాటు ఈ మాటా నేర్పాడు. పనితనం బ్రహ్మాండంగా అబ్బింది. మాట దగ్గరే జారాడు. "ఆ నగల కొట్టు తాళం నీ వల్ల కాదులే" అని ఒక స్నేహితుడు రెచ్చగొడితే, "నాదే" అనే మనిషి లేని తాళం ముందు కూర్చుని, తప్పని తెలిసి తెలిసీ తీసి చూపించాడు. లోపలికి దూరింది స్నేహితుడైనా పట్టుబడింది ఇద్దరూ.

జైల్లోంచి తండ్రికి నెలకో ఉత్తరం రాశాడు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే వాక్యం: "తప్పయిపోయింది నాన్నా, యజమాని నోట మాట వినందే ఇక ఏ తాళం మీదా చెయ్యి వెయ్యను." నాలుగేళ్ళలో ఒక్కదానికీ జవాబు రాలేదు.

సరే, దుప్పటి మడతపెట్టి ముందు గదిలోకి వస్తే తండ్రి లేడు. వీధి తలుపు లాగితే రాలేదు. అది ఆయన స్వయంగా తయారుచేసి తలుపులోకే బిగించిన తాళం. లోపలివైపూ బయటివైపూ ఒకటే కన్నం, ఒకటే తాళంచెవి. ఆ తాళంచెవి ఆయన దగ్గరుంది. ఆయన ఫోను మాత్రం వంటింట్లో చార్జింగులో ఉంది, దాన్ని తెరిచే నంబరు కొడుక్కి తెలీదు.

కొడుకు తలుపుని ఇంకోసారి లాగి చూశాడు. జైలువాళ్ళు వదిలేస్తే కన్నతండ్రి మళ్ళీ లోపల పెట్టాడన్నమాట! తను ఎక్కడికైనా ఉడాయిస్తాడనా? వీధిలోవాళ్ళ తలుపుల జోలికి వెళ్తాడనా? బీరువాలో వేలాడుతున్న ఇనప హ్యాంగరు వంక చూశాడు. దాన్ని వంచితే అరనిమిషం పని. చూపు తిప్పేసుకున్నాడు. ఉత్తరాల్లో రాసిన మాటని మూడో రోజే మింగేస్తే ఇక ఆ రాయడం ఎందుకు?

ఎనిమిదిన్నరైనా తండ్రి రాకపోయేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటి టీచరమ్మ, ఎప్పుడో రిటైరైనా టీచరమ్మే, బాల్కనీలో నీళ్ళ మోటారు వేసి పక్కనే నిలబడి ఉంది. ఇక్కడ కొడుకు భాష గురించి ఒక ముక్క చెప్పాలి. జైల్లో అందరూ "పోయాడు" అనేవాళ్ళే. డాక్టరు పోయాడు, జైలరు పోయాడు, పక్క బ్యారక్‌వాడు ఇంటికి పోయాడు. "వెళ్ళాడు" అని మర్యాదగా పలికే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

"టీచర్‌గారూ! మా నాన్నగారు తాళం వేసి పోయారండీ!" అని అరిచాడు.

మోటారు మోతలో ఆవిడకి ముందుదీ వెనకదీ వినబడ్డాయి, మధ్యది మోటారు తినేసింది. "ఆఁ? ఎవరూ?"

"నాన్నగారండీ! పోయారు!"

"అయ్యయ్యో! ఎప్పుడు నాయనా?"

"తెలీదండీ. నేను లేచేసరికే పోయారు."

"నిన్న సాయంత్రం కూడా మొక్కలకి నీళ్ళు పోస్తూ కనిపించారు కదయ్యా!"

"ఆయన పద్ధతే అంతండీ. చెప్పాపెట్టకుండా పోవడమే!"

ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీతో ఏమైనా చెప్పారా?"

"నాతో ఎక్కడ మాట్లాడతారండీ. చెప్పేదేదో రేడియోకే చెబుతారు."

"తలుపు తియ్యి నాయనా, నేనొస్తున్నాను."

"ఎలా తియ్యనండీ, తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది!"

జేబులో చెయ్యి పెట్టడానికి పిల్లాడికి మనసొప్పడం లేదు కాబోలు అనుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఈలోగా కొడుకు వర్క్‌షాపు నంబరున్న కాగితం చూసి ఒక్కో అంకే గట్టిగా చదివి, "పదింటికి రాలేకపోతున్నానని ఆయనకి కాస్త చెప్పండి!" అని బతిమాలాడు. అంత దుఃఖంలోనూ పని మీద ఎంత శ్రద్ధ అని ఆవిడ ఇంకాస్త ఏడిచింది. "ధైర్యంగా ఉండు నాయనా, మేమందరం లేమూ?" అంది. తలుపు రానందుకే ఇంత ఓదార్పా అని కొడుకు తెల్లబోయాడు. వీధిలో ఇంకా మంచివాళ్ళున్నారని సంతోషించాడు కూడా.

ఆ మంచివాళ్ళందరూ తొమ్మిదిన్నరకల్లా గుమ్మం ముందు చేరారు. గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. తాళం వేసిన ఇంట్లో జైలు మనిషిని చూడ్డానికి వచ్చారు కాబోలని కొడుకు కిటికీ రెక్క సగం మూసుకుని సోఫా వెనక నక్కాడు. ఇంతలో వీధి చివర నుంచి మేనత్త గొంతు మనిషికన్నా ముందే గుమ్మం తాకింది.

"అన్నయ్యా! నాకు చెప్పకుండానే పోయావా అన్నయ్యా!"

కొడుకు ఒక్క గెంతులో కిటికీ దగ్గరికొచ్చాడు. "అత్తా! ఏమంటున్నావ్? నాన్న... నిజంగానేనా?"

"నిజం కాకపోతే ఇంతమంది ఎందుకొస్తార్రా పిచ్చివెధవా!" అని అత్త గుండెలు బాదుకుంది.

అంతే, నమ్మేశాడు. తన నోట్లోంచి ఊడిపడిన మాటే వీధంతా తిరిగి తన కిటికీకి చేరిందని అతనికెలా తెలుస్తుంది? పొద్దున్నే బయటికి వెళ్ళిన మనిషి, డెబ్బై నాలుగేళ్ళవాడు, రోడ్డు మీద ఏమైందో ఏమో! నేల మీద కూలబడ్డాడు. తలుపు వేసి వెళ్ళాడని ఆయన్ని పొద్దుట్నుంచీ మనసులో తిట్టుకున్నాడు. మూడు రోజులు ఒకే కప్పు కింద ఉండి, "నాన్నా, తప్పయిపోయింది" అన్న రెండు ముక్కలు ఎదురుగా నిలబడి అనలేకపోయాడు. ఉత్తరాల్లో నలభై ఎనిమిది సార్లు రాసిన మాట నోటితో ఒక్కసారి రాలేదు. ఇప్పుడిక ఎవరితో అంటాడు? రేడియోతోనా? అతను చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి, లేచి హ్యాంగరు వంచాడు. తండ్రి ఎక్కడున్నా వెళ్ళి చూడాలి. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తీగ కొస కన్నంలో పెట్టబోయాడు. చెయ్యి ఆగిపోయింది. "ఎవరిది?" అని అడిగే గొంతు చెవుల్లో మోగింది. జవాబు చెప్పాల్సిన యజమానేమో లేడు. తీగ పట్టుకుని తలుపుకి వీపు ఆనించి అలాగే కూర్చుండిపోయాడు.

బయట సంగతి ముదిరింది. ఎవరు పిలిచారో, కానిస్టేబుల్ వచ్చాడు. పెద్దాయన పోయాడు, తలుపు తాళం వేసి ఉంది, లోపల జైలు నుంచి వచ్చి మూడు రోజులైన మనిషి ఉన్నాడు. ఈ మూడు ముక్కలూ నోట్‌బుక్‌లో వరసగా రాసుకునేసరికి గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. అత్త ఏడుపు కూడా అనుమానంతో కాస్త నెమ్మదించింది. "తలుపు పగలగొట్టాలి. గునపం ఎవరింట్లో ఉంది?" అన్నాడు కానిస్టేబుల్.

"గునపమా? ఎవడి తలుపుకిరా గునపం?"

లోపల కొడుకు ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు! ఆ వెనకే వచ్చిన దగ్గు! ఆ వెంటనే బయట అత్త పెట్టిన కేక.

"ఏమే, ఎందుకా అరుపులు? ఎవరు పోయారు?" అని అడుగుతున్నాడు తండ్రి.

"నువ్వే అన్నయ్యా!"

"నేనా? నాకెవరూ చెప్పలేదే!"

కొడుకు తలుపుకి నుదురు ఆనించి నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలియలేదు. బతికే ఉన్నాడు! దగ్గుతున్నాడు, కసురుకుంటున్నాడు, ఇంకేం కావాలి? బయట టీచరమ్మ జరిగిందంతా అప్పజెబుతోంది. "పోయారు" అన్న మాట వచ్చినప్పుడల్లా తండ్రి "నేర్పిన మర్యాదంతా మర్చిపోయాడు, వెధవ" అని గొణుగుతున్నాడు.

కన్నంలో తాళంచెవి దూరింది. తిరగలేదు. ఇంకోటి దూరింది. అదీ తిరగలేదు. ఆ కరకర చెవిన పడగానే కొడుకులోని పనివాడు మేలుకున్నాడు.

"నాన్నా, మూడో పన్ను బాగా అరగదీసేశారు. అది తిరగదు."

"మేస్త్రిగారూ, ఇది మీ ఇంటి తాళంచెవేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"నాదే. పొద్దున్నే పాత కొట్టుకి వెళ్ళాను." తండ్రి గొంతు తగ్గింది. "దీనికి జత ఇంకోటి చేద్దామని. ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ఉన్నది ఒక్కటే తాళంచెవి. పనికి వెళ్ళొచ్చేవాడు నాకోసం గుమ్మంలో పడిగాపులు పడతాడా? మిషన్ మీద వద్దన్నాను, నా చేత్తోనే చేస్తానన్నాను. కొత్తది బిగించాననుకుని పాతదాన్నే బిగించి ఆకురాయితో అరగదీసేశాను. చూసుకునేసరికి రెండూ పాడైపోయాయి. ఈ చేతులు నా మాట వినడం లేదయ్యా."

"మరి లోపల మనిషిని పెట్టి తాళం వేశారేం?"

"నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరున్నారని? అలవాటు కొద్దీ వేసేసి వెళ్ళాను. సగం దారిలో గుర్తొచ్చింది. క్షణంలో పని, చేసుకునే వద్దామనుకున్నాను."

లోపల కొడుకు అరచేతుల్తో మొహం తుడుచుకున్నాడు. పొద్దుట్నుంచీ గుండెల మీద కూర్చున్న బండ ఎవరో పక్కకి దొర్లించినట్టయింది. నాన్న తనకి తాళం వెయ్యలేదు. తనకోసం తాళంచెవి చెయ్యడానికి వెళ్ళాడు.

"ఇంతకీ పగలగొట్టాల్సిందేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"నేను తియ్యగలను నాన్నా," అన్నాడు కొడుకు తలుపు వెనక నుంచి. "తీగ చేతిలోనే ఉంది. కానీ..."

"కానీ ఏంటి?" అని విసుక్కున్నాడు కానిస్టేబుల్. తండ్రి మాత్రం విసుక్కోలేదు. ఆ ‘కానీ’ ఏమిటో ఆ వీధిలో ఆయన ఒక్కడికే తెలుసు. ప్రతి ఉత్తరం చివరి వాక్యమూ చదివినవాడు మరి! కానిస్టేబుల్ నోట్‌బుక్ సర్దుకున్నాడు. "సరే, రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. ఈ ఇల్లెవరిది?"

"నాదే."

"లోపలున్నవాడు?"

తండ్రి తలుపు మీద చెయ్యి ఆనించాడు. "వాడూ నావాడే," అన్నాడు. ఆ తరవాత మాట నేరుగా తలుపుతో అన్నాడు: "నాదే. తియ్యరా నాన్నా."

అరనిమిషం కూడా పట్టలేదు. తలుపు తెరుచుకుంది. కొడుకు గుమ్మంలో నిలబడి, ఇంతమంది ముందు సిగ్గు కూడా పడకుండా, "నాన్నా, తప్పయిపోయింది," అన్నాడు.

"తెలుసులేరా. నలభై ఎనిమిది సార్లు చదివాను," అన్నాడు తండ్రి. వణికే చేత్తో కొడుకు భుజం పట్టుకున్నాడు, ఆ చెయ్యి తీయలేదు. అత్త ఈసారి సంతోషంతో శోకాలు మొదలుపెట్టింది. టీచరమ్మ ఎందుకైనా మంచిదని ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

అప్పుడు కొడుక్కి గోడగడియారం కనబడింది. పదీ నలభై. "అయ్యో, వర్క్‌షాపు!"

"కంగారు పడకు," అంది గుంపులోంచి ఒక గొంతు. పలకరింపుకొచ్చి మూలగా నిలబడ్డ వర్క్‌షాపు యజమాని జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి గలగలలాడించాడు. "టీచరుగారు ఫోన్ చేస్తే ఇటే వచ్చేశాను. వర్క్‌షాపు ఇంకా తియ్యనే లేదు. తియ్యని చోటికి ఆలస్యమెలా అవుతుంది? నాతోపాటే బండెక్కు."

గుంపు మాత్రం కదల్లేదు. అందరూ ఆ తాళాన్నీ ఆ హ్యాంగరునీ మార్చి మార్చి చూస్తున్నారు. చివరికి టీచరమ్మే అడిగింది. "మేస్త్రిగారూ, మా ఇంటికీ ఇలాంటి తాళమే బిగించారు కదా. తాళంచెవి లేకుండా పుట్టినవాడెవడూ తియ్యలేడన్నారు!"

"ఎవడూ తియ్యలేడమ్మా," అన్నాడు తండ్రి, దాచుకున్నా దాగని గర్వంతో. "మావాడు తప్ప."

మర్నాడు పొద్దున టీచరమ్మ మోటారు వేసి, బాల్కనీలోంచి పలకరించింది. "అబ్బాయి ఏడీ, కనబడడం లేదు?"

తండ్రి నోరు తెరిచి, వీధిని ఆ చివర నుంచి ఈ చివరికి ఒకసారి చూసుకుని, మోటారు ఆగిందాకా ఆగి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు: "వె-ళ్ళా-డమ్మా. సాయంత్రం వస్తాడు."